ఎనిమిది వందల నలభై రెండో సీసా

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. మా ఇంట్లో నమ్మే వీలు కూడా లేదు. మా నాయిన మేడ్చల్ రైల్వే స్టేషన్లో పాయింట్స్‌మన్. ముప్పై ఏళ్ళు పట్టాల వెంట లాంతరు పట్టుకుని తిరిగినవాడు. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, "నాకైతే ఇన్నేండ్లల్ల పాములు కండ్లవడ్డయి, గంతే" అని లేచిపోయేవాడు.

తర్వాత నేను ముప్పై ఏళ్ళ పైన బడిలో లెక్కలు చెప్పాను. లెక్కకు రానిదాన్ని గురించి మాట్లాడడం నాకు అలవాటు లేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా ఒక లెక్క గురించే. అది సరిపోయింది. సరిపోవడమే నాకు అర్థం కానిది.

మేం ఇద్దరం అక్కచెల్లెళ్ళం. అక్క పేరు రూతు. మేడ్చల్ మిషన్ దవాఖానలో నర్సు. నేను సుగుణ. అమ్మ మా చిన్నప్పుడే పోయింది.

అక్కకు నలభై ఒకటి వేసవిలో మా చర్చిలోనే పెళ్ళి జరిగింది. బావ పేరు శామ్యూలు. గుండ్లపోచంపల్లి మనిషి. తల్లిదండ్రులు లేక మిషన్ హాస్టల్లో పెరిగి, చదువుకుని, మద్రాసులో ఒక సర్కారు ఆఫీసులో చేరాడు. సముద్రంలో నీరు ఎటు పోతుందో, ఎంత జోరుగా పోతుందో లెక్కగట్టే ఆఫీసు అది. పెళ్ళయిన నాలుగు నెలలకు ఆయన్ని ఒక సరుకుల ఓడ మీద జావా వైపు పంపారు.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి. నడిసముద్రంలో ఓడ తానున్న చోటును సూర్యుణ్ణీ నక్షత్రాలనూ కొలిచి తెలుసుకుంటుంది. ఇంత వేగంతో ఈ దిక్కుకు పోతే రేపు ఈ వేళకు ఫలానా చోట ఉండాలని పటం మీద గుర్తు పెడతారు. మరునాడు కొలిచి చూస్తే ఓడ ఆ చోట ఉండదు. పదిహేను మైళ్ళో ఇరవై మైళ్ళో పక్కకు జరిగి ఉంటుంది. ఆ తేడా కింద నీరు మోసుకుపోయినదన్నమాట. అలాంటి తేడాలు వేల ఓడల నుంచి పోగుచేసి పటం మీద బాణం గుర్తులు వేస్తే నీటి దారి కనబడుతుంది.

బావను పంపింది జావాకు తూర్పున దీవుల మధ్య ఉన్న సందుల కోసం. పసిఫిక్ సముద్రపు నీరు ఆ సందుల్లోంచి మన హిందూ మహాసముద్రంలోకి వస్తుందని తెలుసు. ఎంత వస్తుందో, ఏ నెలలో ఎక్కువో తెలియదు. అందుకు ఓడ లెక్కతో పాటు సీసాలు కూడా వాడేవారు. గాజు సీసాలో కొంచెం ఇసుక పోసి, ఒక కార్డు పెట్టి, బిరడా మీద లక్క కరిగించి పోసి, నీళ్ళలో వదలడమే. కార్డు మీద నాలుగైదు భాషల్లో అచ్చు వేసి ఉండేది: ఇది దొరికినవారు దొరికిన చోటూ తేదీ రాసి పంపవలసిందని. వదిలే మనిషి సీసా నంబరు, తేదీ, అక్షాంశం, రేఖాంశం పెన్సిలుతో రాసేవాడు. చివర్న వ్యాఖ్య అని ఒక గడి. అందులో గాలి ఎలా ఉంది, నీరు ఎటు పోతోంది అని ఒక ముక్క.

బావకు ఇచ్చిన పెట్టెలో రెండు వందల సీసాలున్నాయి. రోజుకు ఒకటి చొప్పున, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి వదలాలి.

నలభై రెండు ఫిబ్రవరిలో ఆ ఓడ నుంచి కబురు ఆగిపోయింది. జపాను వాళ్ళు ఆ దీవులన్నీ పట్టుకున్నారు. అంతకు ముందు ఏదో రేవులో బావ టపాలో వేసిన జాబితా ఒకటి మాత్రం ఆలస్యంగా మద్రాసు చేరింది. అందులో నూట పద్దెనిమిదో సీసా దాకా ఉంది. దాని తేదీ ఫిబ్రవరి మూడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ వేసవిలోనే మద్రాసు మీద బాంబులు పడతాయని ఆఫీసులన్నీ లోపలి ఊళ్ళకు తరలించారు. బావ ఆఫీసులో ఆయన పై అధికారి శేషాద్రి గారు. మేడ్చల్లో స్టేషనుకు దగ్గర్లో పెద్ద బంగళా ఒకటి ఖాళీగా ఉందని బావ ఎప్పుడో మాటల్లో చెప్పింది ఆయనకు గుర్తుండి, తన విభాగాన్ని అక్కడికే తెచ్చాడు. మగవాళ్ళంతా యుద్ధం పనుల్లోకి పోయారు, గుమాస్తాలు దొరకలేదు. నాకు కూడికలు బాగా వచ్చునని ఎవరో చెబితే పిలిచి పని ఇచ్చాడు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. సముద్రం చూడలేదు. చూడని సముద్రానికి రోజుకు నలభై బాణాలు వేసేదాన్ని.

బావ సంగతికి వస్తే, ఓడ మునిగిందనీ, అందులో వాళ్ళెవరూ మిగిలి ఉంటారనుకోవడం లేదనీ నలభై మూడులో అక్కకు కాగితం వచ్చింది. అక్క ఆ కాగితం చదివి మడిచి పెట్టి దవాఖానకు పోయింది. ఆ రోజు రెండు కాన్పులున్నాయి. ఏడవడం మేం ఎవరం చూడలేదు.

ఏడాది గడిచాక నాయిన మళ్ళీ పెళ్ళి మాట ఎత్తాడు. అల్వాల్లో లూకా పంతులని ఒక టీచరు. భార్య పోయింది, ఇద్దరు చిన్న ఆడపిల్లలు. మంచి మనిషి. అక్క నెల రోజులు ఏమీ అనలేదు. చివరికి ఒక పొద్దున రొట్టెలు కాలుస్తూ, "సరే నాయినా, నీ ఇష్టం" అంది.

మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చని. రెండు ఆదివారాలు చదివారు. ఎవరూ ఏమీ అనలేదు. నలభై నాలుగు, మే నెల.

రెండో ఆదివారం తర్వాత గురువారం నాడు, మధ్యాహ్నం భోజనాల వేళ, బంగళా వరండాలోకి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన్ని నేను ఎరుగుదును. షామీర్‌పేట చెరువులో చేపలు పట్టే బాలయ్య. గురువారం మేడ్చల్ అంగడికి చేపలు తెచ్చి అమ్మేవాడు. చేతిలో తువ్వాలలో చుట్టిన వస్తువేదో ఉంది.

"బిడ్డా, గీ కాయితాల సీసాలు మీయేనా?" అని తువ్వాల విప్పాడు.

మా సీసాయే. ఆఫీసు గదిలో ఖాళీవి అలాంటివి ఇంకా ఉన్నాయి. అడుగున గాజులోనే పోతపోసిన ముద్ర. లక్క చెదరలేదు. లోపల ఇసుక, చుట్టిన కార్డు కనబడుతున్నాయి.

"యాడ దొరికింది?"

"మా చెర్లనే. నీళ్ళు బాగ గుంజినయ్ గదా, తూము దిక్కు వల ఏసిన. పొద్దుగాల గుంజితె చేపల నడుమ వచ్చింది. మీరు సీసాల పని జేస్తరని ఎవరో అన్నరు, ఇటు తెచ్చిన."

నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. సీసా ఒక పక్కంతా తెల్లటి చిన్న గుల్లలు పట్టి ఉన్నాయి. గోటి అంత ఉన్నాయి ఒక్కొక్కటి. అలాంటివి నేను మా చెరువుల్లో ఎప్పుడూ చూడలేదు.

శేషాద్రి గారు అన్నం తింటున్నవాడు చెయ్యి కడుక్కుని వచ్చాడు. సీసాను వెలుతురులో తిప్పి చూశాడు. ఒక గుల్లను గోటితో విడదీశాడు. లోపల ఇంకా మెత్తగా, తడిగా ఉంది. వేలు నాలుకకు తాకించుకున్నాడు.

"ఇవి ఓడల అడుగున పట్టే గుల్లలమ్మా. ఉప్పునీళ్ళలో తప్ప బతకవు," అన్నాడు. తర్వాత బాలయ్యను మూడుసార్లు ఒకే ప్రశ్న అడిగాడు, ఎక్కడ దొరికిందని. బాలయ్య మూడుసార్లూ అదే చెప్పాడు. నాలుగోసారి అడిగితే, "నేనేమన్న దొంగతనం జేసిన్నా అయ్యా?" అని తువ్వాల దులుపుకుని అంగడికి పోయాడు.

షామీర్‌పేట చెరువు వాననీటి చెరువు. సముద్రానికి వందల మైళ్ళ దూరం, ఎంతో ఎత్తు. అక్కడ ఏ నీరూ సముద్రం నుంచి రాదు.

శేషాద్రి గారు కత్తితో లక్క గీరి, బిరడా తీసి, పట్టకారుతో కార్డు బయటికి లాగాడు. బల్ల మీద పరిచి రెండు చివర్లా బరువులు పెట్టాడు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను.

అది బావ చేతిరాత. ఆయన ఏడు అంకెకు నడుమ ఒక చిన్న అడ్డగీత పెట్టేవాడు. అక్షాంశం గడిలో ఒక ఏడు ఉంది, దానికి ఆ గీత ఉంది. కింద శా అని పొడి అక్షరం, ఎప్పటిలాగే దీర్ఘం పొడుగ్గా లాగి. అక్కకు ఆయన రాసిన ఉత్తరాలు నేను చదివినదాన్ని. పొరబడే ప్రసక్తి లేదు.

నంబరు గడిలో ఎనిమిది వందల నలభై రెండు అని ఉంది. తేదీ, ఆ సంవత్సరమే, జనవరి ఇరవై ఎనిమిది. అంటే ఓడ కబురు ఆగిపోయిన దాదాపు రెండేళ్ళకు. వ్యాఖ్య గడిలో ఇంగ్లీషులో చిన్న ముక్క. గాలి లేదు, నీరు దక్షిణానికి, అని.

శేషాద్రి గారు కార్డును మళ్ళీ ఒకసారి చదివాడు. తర్వాత పటం తీసి, కార్డు మీద ఉన్న అక్షాంశ రేఖాంశాలు గుర్తు పెట్టాడు. పెన్సిలు మొన నీళ్ళ మీద పడలేదు. జావాకు తూర్పున ఒక దీవి మీద, ఒడ్డుకు నాలుగైదు మైళ్ళ లోపల నేల మీద పడింది.

"నేల మీద సీసా వదిలేవాడు ఎవడూ ఉండడు," అన్నాడు. "పైగా మనం ఇచ్చింది రెండు వందలు. ఎనిమిది వందల నలభై రెండు ఎక్కడినుంచి వస్తుంది? మన పని తెలియనివాళ్ళెవరో చేసింది ఇది."

నాకు ఒక ఆలోచన వచ్చింది. రాకపోతేనే బాగుండేది. పాత జాబితా తీశాను. నూట పద్దెనిమిదో సీసా ఫిబ్రవరి మూడు. రోజుకు ఒకటి. ఎనిమిది వందల నలభై రెండులోంచి నూట పద్దెనిమిది తీసేస్తే ఏడు వందల ఇరవై నాలుగు. క్యాలెండర్ల మీద నెలలు కూడుకుంటూ పోయాను. జనవరి ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది.

మళ్ళీ చేశాను. మళ్ళీ అక్కడే ఆగింది. కాగితం శేషాద్రి గారి ముందుకు జరిపాను. ఆయన కూడా చేశాడు. ఒంటిగంట దాటింది, బయట ఎండ మండుతోంది, వరండాలో ఎవరో బకెట్లో నీళ్ళు ముంచుకుంటున్న చప్పుడు. భయపడడానికి అక్కడ ఏమీ లేదు. కానీ నా చేతుల మీద వెంట్రుకలు లేచి ఉండడం నేను చూశాను.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"సుగుణా, ఒక మాట అడుగుతాను, తప్పుగా తీసుకోకు. మీ అక్కకు వచ్చే వారంలో పెళ్ళి కదా?"

"అవునండి."

"ఈ జాబితా ఉన్న బీరువా తాళం నా దగ్గరా నీ దగ్గరా తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. శామ్యూలు రాత నీకు బాగా తెలుసు. ఖాళీ సీసాలు ఇక్కడే ఉన్నాయి."

ఆయన ఏమంటున్నాడో అర్థం కావడానికి నాకు కొంచెం సమయం పట్టింది.  అక్క పెళ్ళి ఆపడానికి నేనే దొంగ కార్డు రాసి, సీసాలో పెట్టి, బాలయ్య చేత పంపించానని ఆయన అనుమానం.

బీరువా తెరిచి ఖాళీ కార్డులూ సీసాలూ లెక్కపెట్టమన్నాను. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. రిజిస్టరులో ఎన్ని ఉన్నాయో అన్నీ ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. ఆయన రిజిస్టరు మూసి, "నన్ను క్షమించమ్మా," అన్నాడు. తర్వాత ఆ గుల్లల సంగతి మళ్ళీ ఎత్తాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. గుల్లలను ఎవరూ రాయలేరని.

సాయంత్రానికి సీసా వాసన వేయడం మొదలుపెట్టింది. ఆ గుల్లల్లో ఉన్నవి అప్పుడే చచ్చిపోతున్నాయి. అంటే ఆ పొద్దుటి దాకా బతికి ఉన్నాయి.

ఇంటికి వెళ్తూ దారి పొడుగునా చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెబితే ఏమని చెప్పాలి? మూడు విధాల తప్పయిన కాగితం అది. దొరికిన చోటు తప్పు, రాసిన చోటు తప్పు, నంబరు ఇచ్చిన సీసాలకు మించినది. అలాంటిదాన్ని పట్టుకుని లూకా పంతులు పిల్లలకు తల్లి లేకుండా చేస్తానా? చెప్పకపోతే, ఆదివారం మూడో ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చని పాదిరి గారు అడిగినప్పుడు నేను బల్ల మీద ముందు వరుసలో కూర్చుని ఉంటాను.

ఇంట్లో నాయిన, అక్క ఇద్దరూ ఉన్నారు. ఇద్దరి ముందే చెప్పేశాను.

నాయినకు కోపం వచ్చింది. నా మీదనే. "నీకు మతి పోయిందా ఏంది? షామీర్‌పేట చెర్ల సీసా దొరికితె జావాల మనిషి బతికున్నట్టా? దాని బతుకు ఇప్పుడిప్పుడే ఒడ్డుకు వడ్తాంది. నువ్వే ఏదో జేసినవ్."

నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు. నన్ను పెరట్లోకి తీసుకుపోయి, భుజాలు పట్టుకుని నిలబెట్టింది.

"నా మొఖం జూసి చెప్పు. నువ్వు రాసినవా?"

"లేదక్కా."

"నా మీద ప్రమాణం?"

"నీ మీద ప్రమాణం. నేను రాయలే."

"సరే," అంది. అంతే. సీసా ఎక్కడ దొరికిందని గానీ, ఎలా వచ్చిందని గానీ అడగలేదు. మరునాడు దవాఖానకు సెలవు పెట్టి, నాతో ఆఫీసుకు వచ్చి కార్డు చూసింది. శా అక్షరం మీద వేలు పెట్టి ఒక నిమిషం ఉంచింది. అక్కడినుంచి నేరుగా పాదిరి గారింటికి పోయి ప్రకటన ఆపమని చెప్పింది. ఆ మధ్యాహ్నమే బండి కట్టించుకుని అల్వాల్ పోయి, లూకా పంతులుకు తానే స్వయంగా చెప్పింది. ఆయన మంచినీళ్ళిచ్చి పంపించాడట.

ఆరు నెలలు నాయిన మా ఇద్దరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఊళ్ళో రకరకాలుగా అనుకున్నారు. షామీర్‌పేట దగ్గర అప్పుడు మిలిటరీ వాళ్ళు గుడారాలు వేసుకుని ఉండేవారు, వాళ్ళెవరో సముద్రం నుంచి తెచ్చి చెరువులో పారేసి ఉంటారని కొందరన్నారు. నేను కూడా చాలాకాలం అదే అనుకుందామని చూశాను. కానీ సిపాయి సంచిలో నాలుగు రోజులు ఉన్న గుల్ల తడిగా ఉండదు.

శేషాద్రి గారు కార్డును పెద్ద ఆఫీసుకు పంపాడు. దొరికిన చోటు అన్న గడిలో షామీర్‌పేట చెరువు అని తన చేత్తోనే రాశాడు. రెండు నెలలకు అది తిరిగి వచ్చింది. ఆ గడి మీద ఎర్ర సిరాతో కొట్టివేత, పక్కన రికార్డులో చేర్చదగదు అని. ఆయన కార్డు తెచ్చి అక్కకు ఇచ్చేశాడు. యుద్ధ ఖైదీల సంగతులు చూసే ఆఫీసుకు ఆ అక్షాంశ రేఖాంశాలు రాసి, అక్కడ ఖైదీల శిబిరం ఏదైనా ఉందా అని ఆయన అడిగాడని చాలా రోజుల తర్వాత నాకు తెలిసింది. జవాబు రాలేదు.

నలభై అయిదులో యుద్ధం ముగిసింది. ఆ ఏడు క్రిస్మస్‌కు మూడు వారాల ముందు, ఒక పూట నాయిన డ్యూటీ నడుమ ఇంటికి వచ్చాడు. అలా ఎప్పుడూ రాడు. చేతిలో పచ్చ జెండా అలాగే ఉంది. వెనక ఒక మనిషి. బట్టలు వదులుగా వేలాడుతున్నాయి, నెత్తి సగం నెరిసింది. నేను గుర్తుపట్టలేదు.

"రూతును పిలువు," అన్నాడు నాయిన. "శామ్యూలు వచ్చిండు."

అక్క దవాఖానలో ఉంది. నేను పరుగెత్తుకుంటూ పోయి పిలుచుకొచ్చాను. వాళ్ళిద్దరినీ లోపల వదిలి నేనూ నాయినా బయట అరుగు మీద కూర్చున్నాం. నాయిన జెండాను మడుస్తూ విప్పుతూ, "నువ్వు జెప్పింది నేను వినకపోతి బిడ్డా," అన్నాడు. ఆ తర్వాత లేచి డ్యూటీకి పోయాడు.

బావకు తిండి సయించడానికి, నిద్ర పట్టడానికి నెల పట్టింది. కార్డు సంగతి అప్పటిదాకా ఎవరం ఎత్తలేదు. జనవరిలో ఒక పొద్దున ఎండలో కూర్చుని ఉంటే అక్కే తెచ్చి ఆయన చేతికి ఇచ్చింది. ఎక్కడ దొరికిందో నేను చెప్పాను.

ఆయన చాలాసేపు చూశాడు. వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకు తిప్పాడు.

"రాత నాదే," అన్నాడు. "గని నేను రాయలే."

ఓడ మునిగిన రోజు ఆయన వదిలింది నూట ముప్పై ఒకటో సీసా. మిగిలిన పెట్టె ఓడతో పాటే పోయింది. ఆయన్నీ ఇంకో పదకొండు మందినీ ఒక పడవలోంచి పట్టుకున్నారు. జావాకు తూర్పున ఒక దీవికి తీసుకుపోయి విమానాలు దిగే మైదానం చదును చేయించారు. దగ్గర పెన్సిలు ముక్క లేదు, కాగితం లేదు. రాసినట్టు దొరికితే ప్రాణం తీసేవాళ్ళు.

"దినాలు మరిచిపోతె మనిషి పిచ్చోడైతడని ఒకాయన చెప్పిండు," అన్నాడు బావ. "గందుకే రోజు పన్నెండు గొట్టంగ ఒక సీసా ఇడిసిపెడుతున్న అనుకునేటోన్ని. నూట ముప్పై రెండు, నూట ముప్పై మూడు, గట్ల. కర్ర నీడ జూసి అక్షాంశం లెక్కగట్టుకున్న. రేఖాంశం అందాజతోని. అన్ని గళ్ళు నింపేటోన్ని మనసుల. లక్క గూడ పోసేటోన్ని."

శిబిరం వెనక గుట్ట ఎక్కితే రెండు దీవుల నడుమ సముద్రపు సందు కనబడేదట. అందులో చెట్ల మొద్దులు కొట్టుకుపోతుండేవట. ఎప్పుడు చూసినా దక్షిణానికే. ఆ నీరు మన సముద్రంలోకి పోతుందని ఆయనకు తెలుసు.

"ఆ మొద్దులు మనదిక్కే పోతున్నయని జూసుకుంట నిలబడేటోన్ని," అన్నాడు.

నేను కార్డు మీద తేదీ చూపించి, ఆ రోజు ప్రత్యేకంగా ఏమైనా జరిగిందా అని అడిగాను. జ్వరంలో ఉన్నావా, చావు దగ్గరికొచ్చిందా అని. ఆయన నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు.

"ఏం లేదు సుగుణా. అన్ని దినాలు ఒక్క తీరుగనే ఉండె."

చివరికి ఆయన లెక్క పద్నాలుగు వందలు దాటిందట. శిబిరం తలుపులు తెరిచిన రోజు ఆపేశాడు.

కార్డు అక్కకు తిరిగి ఇచ్చాడు. తర్వాత నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఒక్కటేనా దొరికింది?"

ఒక్కటే అన్నాను. నాకు తెలిసింది అంతే. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ వారంలోనే బండి మీద షామీర్‌పేట పోయాను. బాలయ్య చెరువు మీదికి పోయాడు, ఇంట్లో లేడు. ఆయన భార్య వాకిట్లో వల బాగుచేస్తూ కూర్చుంది. సీసా సంగతి అడిగితే నవ్వింది.

"గియ్యి మస్తు వచ్చినయి గదమ్మా మా వలల. ముందుగాల మూడో నాలుగో వచ్చినయి. తర్వాత ఒకటి అంగడికి తెచ్చిండు మా ఆయన, మీ సారు గదమాయించినట్టు మాట్లాడిండంట. గందుకే మళ్ళ తేలే. గాజు గట్టిగున్నది."

గుడిసె లోపల దూలానికి తాడు కట్టి ఒక సీసా వేలాడదీసి ఉంది. అందులో దీపాలకు పోసే గ్యాస్‌నూనె. కిందికి దింపమని అడిగి అడుగున చూశాను. మా ఆఫీసు ముద్రే. ఒక పక్క గాజు గరుకుగా ఉంది, ఏదో గీకేసినట్టు.

"లోపట కాయితం లేకుండెనా?"

"ఉండె. ఎండిన కాయితం గదా, పొయ్యి అంటు వెట్టిన."

ఎన్ని దొరికాయో, ఎప్పుడెప్పుడు దొరికాయో ఆమె సరిగ్గా చెప్పలేకపోయింది. వానాకాలం ముందు అంది, మళ్ళీ బతుకమ్మ తర్వాత అంది. నేను ఆ సీసా అడిగితే ఇచ్చేదే. అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎక్కడికి పోయానో ఆయనకు తెలుసు. నా వైపు చూశాడు. రాత్రుళ్ళు అరవడం ఆయన అప్పుడప్పుడే మానేశాడు. అక్కకు అప్పుడే నెల తప్పింది.

"ఒక్కటే బావా," అన్నాను.

ఆయన తల ఊపాడు. ఇంకెప్పుడూ అడగలేదు. మళ్ళీ సముద్రం ఉద్యోగానికి పోకుండా మేడ్చల్లోనే మిషన్ బడిలో చేరాడు, ముగ్గురు పిల్లల్ని పెంచాడు. ఆయన పోయాడు, అక్క కూడా పోయింది. కార్డు ఇప్పుడు నా దగ్గర ఉంది. పెన్సిలు గీతలు చాలావరకు చెదిరిపోయాయి, ఏడు అంకె మాత్రం కనబడుతుంది.

ఆ రోజు అబద్ధం ఆడినందుకు నేను పశ్చాత్తాపపడలేదు. ఆ సందుల్లో అప్పుడు ఎన్నో ఓడలు మునిగాయి. వాటి మీద మా ఆఫీసు మనుషులే ఇంకా నలుగురు బావలాగే సీసాలు వదులుతూ ఉండేవారు, వాళ్ళు తిరిగి రాలేదు. ఆ సీసా చెరువులోకి ఎలా వచ్చిందని ఈ వయసులో కూడా నన్నెవరైనా అడిగితే, తెలియదనే చెబుతాను. బాలయ్య భార్య పొయ్యి అంటించిన కాగితాల మీద ఏ నంబర్లున్నాయో, అవి ఎవరి చేతిరాతో, అది కూడా నాకు తెలియదు.